మధ్యపదాన్ని విడగొట్టేటప్పుడు a ని c తో ఎందుకు గుణిస్తాం?

విభాగం: బడి లెక్కలు › బీజగణితం

సామర్లకోట_అమ్మ

నమస్కారం అండి. మా వాడు తొమ్మిదో తరగతి. బహుపదుల పాఠంలో కారణాంక విభజన దగ్గర ఆగిపోయాడు. లెక్క రాక కాదు, చేస్తున్నాడు. కానీ ఒక ప్రశ్న పట్టుకుని వదలట్లేదు.

లెక్క ఇది: 6x² − 19x + 10

ax² + bx + c తో పోలిస్తే a = 6, b = −19, c = 10. పుస్తకంలో ఉన్నట్టే a ని c తో, అంటే 6ని 10తో గుణించి పక్కన 60 రాసుకున్నాడు. గుణిస్తే 60, కూడితే −19 రావాలి. −15, −4 దొరికాయి.

6x² − 15x − 4x + 10
= 3x(2x − 5) − 2(2x − 5)
= (2x − 5)(3x − 2)

జవాబు సరిపోయింది. ఇక మొదలుపెట్టాడు. "లెక్కలో 60 ఎక్కడుందమ్మా? ఎక్కడినుంచి తెచ్చారు? 6కీ 10కీ కూడొచ్చుగా, తీసేయొచ్చుగా, గుణించడమే ఎందుకు?" అని. ట్యూషన్ సార్‌ని అడిగితే "పద్ధతి అంతే, రాసుకో" అన్నారట. నేను బీకాం. నా రోజుల్లోనూ ఇది బట్టీయే. x² − 9x + 20 లాంటివైతే వాడికి బాగానే అర్థమవుతున్నాయి. x² ముందు 6 వచ్చి కూర్చునేసరికి ఈ గుణకారం ఎందుకో నేను చెప్పలేకపోతున్నాను.

ఇంకో సంగతి. రెండో బ్రాకెట్‌లో గుర్తు తప్పు రాసి, రెండు బ్రాకెట్లూ కలవట్లేదని పుస్తకం మూసేస్తాడు. దానికీ ఏదైనా ఉపాయం ఉంటే చెప్పండి.

జడ్పీ_లెక్కల_మాస్టారు

అమ్మా, వాడిని జవాబు దగ్గర్నుంచి వెనక్కి నడిపించండి. (2x − 5)(3x − 2) ని గుణించమనండి. కానీ మధ్యలో వచ్చే రెండు x పదాల్నీ కలపనివ్వకండి. నాలుగు ముక్కలూ నాలుగుగానే ఉండాలి.

6x² − 4x − 15x + 10

ఇప్పుడు రెండు చివర్లనూ గుణించమనండి: 6 × 10 = 60. మధ్య రెండిటినీ గుణించమనండి: (−4) × (−15) = 60. ఇది ఈ ఒక్క లెక్కలోనే కుదిరిందా అని అడుగుతాడు, అడగాలి కూడా. ఆ ముక్కలు ఎక్కడినుంచి వచ్చాయో చూపించండి:

6 వచ్చింది 2 × 3 వల్ల
10 వచ్చింది (−5) × (−2) వల్ల
−4 వచ్చింది 2 × (−2) వల్ల
−15 వచ్చింది (−5) × 3 వల్ల

బ్రాకెట్లలో ఉన్నవి నాలుగే సంఖ్యలు: 2, −5, 3, −2. రెండు చివర్లలోని ముక్కల్ని (6, 10) గుణిస్తే ఈ నాలుగూ ఒక్కొక్కసారి వస్తాయి. మధ్య రెండు ముక్కల్ని గుణించినా అవే నాలుగు, ఒక్కొక్కసారే. ఎవరు ఎవరితో జతకట్టారన్నదే తేడా. అందుకే లబ్ధం రెండు చోట్లా ఒకటే. కూడికకు ఈ గుణం లేదు. 6 + 10 = 16, (−4) + (−15) = −19, వాటికీ వీటికీ సంబంధమే లేదు.

అంటే లెక్క ఇచ్చినవాడు −4x నీ −15x నీ కలిపేసి −19x అని మన చేతిలో పెట్టాడు. మనం ఆ రెండు ముక్కల్నీ మళ్లీ బయటకు లాగాలి. వాటి మొత్తం −19 అని కళ్లముందే ఉంది. వాటి లబ్ధం 60 అని ఇప్పుడు తెలిసింది. రెండు సంఖ్యల మొత్తమూ లబ్ధమూ తెలిస్తే ఆ సంఖ్యలు చిక్కినట్టే.

వాడు కాస్త అక్షరాలకు అలవాటు పడ్డాక (px + q)(rx + s) తో ఇదే చేయించండి. a = pr, c = qs, మధ్య ముక్కలు ps, qr. రెండు వైపులా లబ్ధం pqrs.

x² − 9x + 20 లోనూ ఇదే జరుగుతోంది. అక్కడ a విలువ 1, కనుక 1 × 20 = 20. గుణకారం జరిగినట్టు కంటికి కనబడదంతే.

పచ్చిమిర్చి_బజ్జీ

ఇంత తతంగం ఎందుకండీ? సూత్రం ఉండగా?

x = (−b ± √(b² − 4ac)) / 2a

వేసెయ్యి, రాబట్టు, అయిపోయింది. 60ని ఎన్ని రకాలుగా విడగొట్టొచ్చో కూర్చుని లెక్కపెట్టడం ఏంటి? నా ఉద్దేశంలో మధ్యపదం విడగొట్టడం పరీక్ష పేపర్ చేసేవాళ్లు నీట్‌గా ఉండే లెక్కలు ఇస్తారు కాబట్టి బతుకుతున్న పద్ధతి. బయట ప్రపంచంలో గుణకాలు 6, −19, 10 లాగా ముద్దుగా రావు.

ఎంపీసీ_రెండో_ఏడాది

అన్నా, బయట ప్రపంచం సంగతి తర్వాత. ఈఏపీసెట్‌లో మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, మొత్తం 160 ప్రశ్నలకు మూడు గంటలే. చిన్న వర్గ సమీకరణానికి సూత్రం వేసుకుంటూ కూర్చుంటే టైమ్ అక్కడే పోతుంది. 6x² − 19x + 10 = 0 చూడగానే 15, 4 అని నోటికి రావాలి. ఎక్కాలు వచ్చినవాడికి అది సూత్రం కంటే ఫాస్ట్.

జడ్పీ_లెక్కల_మాస్టారు

బజ్జీ గారూ, తొమ్మిదో తరగతిలో ఇచ్చింది సమీకరణం కాదు, బహుపది. "= 0" అక్కడ లేదు. కారణాంకాలుగా రాయమన్నారు. సూత్రం పదో తరగతిలో వస్తుంది. సూత్రం సంగతికి మళ్లీ వద్దాం, మీరనుకున్నంత వేరేదేమీ కాదది.

ముందు ఆ అమ్మ అడిగిన రెండోది, గుర్తు సంగతి. పిల్లలు రాసేది ఇలా ఉంటుంది:

6x² − 15x − 4x + 10
= 3x(2x − 5) − 2(2x + 5)

చివరి +10 ని చూసి చెయ్యి తనంతట తనే + వేసేస్తుంది. −2 బయటకు వచ్చిందంటే లోపలి ప్రతి పదాన్నీ −2 తో భాగించినట్టు. −4x ÷ (−2) = 2x, 10 ÷ (−2) = −5. నేను క్లాసులో ఏం చేయిస్తానంటే, రెండో గుంపును ముందు ఇలా రాయమంటాను:

(6x² − 15x) + (−4x + 10)

రెండు గుంపుల మధ్య ఎప్పుడూ + మాత్రమే. మైనస్ ఉంటే గుంపు లోపలే ఉండాలి. ఈ ఒక్క లైను రాయిస్తే సగం తప్పులు పోతాయి. అది అలవాటయ్యాక ఇంకోటి: మొదటి బ్రాకెట్‌లో 2x − 5 వచ్చింది కదా, రెండో బ్రాకెట్‌లో కూడా అదే రావాలి. 2x ని దేనితో గుణిస్తే −4x? −2 తో. మరి −5 ని −2 తో గుణిస్తే +10 వస్తోందా? వస్తోంది. సరే. ఈ రెండో ప్రశ్న అడగకుండా బ్రాకెట్‌ను గుడ్డిగా దించేస్తే మాత్రం తప్పు జత ఎంచుకున్నా తెలియదు.

బ్రాకెట్లు కలవలేదంటే చూడాల్సినవి: జత తప్పా, గుర్తు తప్పా, ఉమ్మడిగా ఉన్నదాన్ని పూర్తిగా బయటకు తీయలేదా. మూడోది పిల్లలకు తట్టదు. x(6x − 15) − 2(2x − 5) అని రాసి కలవలేదంటారు. 6, 15 ల గసాభా 3 ఇంకా లోపలే ఉండిపోయింది మరి.

వరంగల్_పిల్ల

సార్, నాదొక డౌట్. −15x ముందు రాయాలా, −4x ముందు రాయాలా? మా మేడమ్ ఎప్పుడూ పెద్దది ముందు రాయమంటది. నేనొకసారి చిన్నది ముందు రాస్తే వేరే లెక్క లెక్క కనిపించింది, కొట్టేసిన.

బీటెక్_బ్యాక్‌లాగ్

ఏది ముందు రాసినా వస్తుంది. కొట్టేయాల్సిన పనిలేదు.

6x² − 4x − 15x + 10
= 2x(3x − 2) − 5(3x − 2)
= (3x − 2)(2x − 5)

మధ్య లైనులో బ్రాకెట్ వేరేది కనిపిస్తుంది, జవాబు అదే. ఎప్పుడూ కుదరడానికి కారణం: m × n = a × c అయితే a/m = n/c. మన లెక్కలో 6/(−15) = (−4)/10, రెండూ −2/5 అవుతాయి. మొదటి గుంపులో గుణకాల నిష్పత్తి, రెండో గుంపులో గుణకాల నిష్పత్తి ఒకటే. నిష్పత్తి ఒకటైతే ఉమ్మడిగా ఉన్నది బయటకు తీశాక మిగిలే బ్రాకెట్ ఒకటే కావాలి కదా. లబ్ధం ac కావాలని పట్టుబట్టేది ఇందుకే. కూడితే −19 వచ్చే జతలు బోలెడు: −10, −9 వేసి చూడు. 6x² − 10x నుంచి 2x(3x − 5), −9x + 10 నుంచి ఉమ్మడిగా తీయడానికి ఏమీ లేదు. అక్కడే ఆగిపోతావు.

సామర్లకోట_అమ్మ

మాస్టారూ, నాలుగు సంఖ్యల మాట చెప్పగానే వాడే కాగితం లాక్కుని (4x + 3)(2x − 7) అని సొంతంగా ఒకటి వేసుకుని గుణించాడు. 8x² − 28x + 6x − 21. 8 × (−21) = −168, (−28) × 6 = −168. "అయితే ఎప్పుడూ వస్తుందన్నమాట" అన్నాడు.

ఇప్పుడు కొత్త డౌట్. 12x² − 38x + 20 ఇచ్చి చేయమంటే ఇలా చేశాడు:

12x² − 30x − 8x + 20
= 6x(2x − 5) − 4(2x − 5)
= (2x − 5)(6x − 4)

పుస్తకం వెనక జవాబు 2(2x − 5)(3x − 2) అని ఉంది. వాడిది తప్పా?

జడ్పీ_లెక్కల_మాస్టారు

తప్పు కాదు, పని సగంలో ఆగింది. 6x − 4 లోంచి 2 ఇంకా బయటకు రావాలి. లెక్క మొదలుపెట్టే ముందే 12, 38, 20 మూడిట్లోనూ 2 ఉందని చూసి తీసేస్తే 2(6x² − 19x + 10) అవుతుంది. చిన్న సంఖ్యలు, తక్కువ తిప్పలు.

ప్రవాసి_నాన్న

డాలస్ దగ్గర ఉంటాం. మా అమ్మాయికి ఆల్జీబ్రా వన్‌లో ఇదే నడుస్తోంది. ఇక్కడ దీన్ని ఏసీ మెథడ్ అంటారు. అది కాకుండా వాళ్ల ఫ్రెండ్ ఒకమ్మాయి "స్లైడ్ అండ్ డివైడ్" అని ఇంకోటి నేర్పిందట. మీ లెక్కతోనే చూపిస్తా:

6x² − 19x + 10
6ని తోసుకెళ్లి 10తో గుణించు: x² − 19x + 60
(x − 15)(x − 4)
ఇప్పుడు 6తో భాగించు: (x − 15/6)(x − 4/6)
సూక్ష్మం చెయ్యి: (x − 5/2)(x − 2/3)
హారాన్ని x ముందుకు తెచ్చెయ్: (2x − 5)(3x − 2)

జవాబు కరెక్టే వస్తోంది. చూస్తే మాత్రం కనికట్టులా ఉంది. 6 ఎలా మాయమైంది, ఎలా తిరిగొచ్చింది? వాళ్ల టీచర్ ఇది రాస్తే మార్కులు ఇవ్వనన్నారట. నాకు టీచర్ కోపంలో న్యాయం ఉందో లేదో తెలియడం లేదు.

బీటెక్_బ్యాక్‌లాగ్

టీచర్ కోపంలో న్యాయం ఉంది అన్నా. 6x² − 19x + 10, x² − 19x + 60 ఒకటి కావు. x = 0 పెట్టు: మొదటిది 10, రెండోది 60. వాటి మధ్య "=" పెట్టి రాస్తే ఆ లైను అబద్ధం. చివరికి నిజం ఎలా బయటపడిందంటే, వెనకాల జరిగేది వేరే.

మొత్తం బహుపదిని 6తో గుణించు:
36x² − 19(6x) + 60

36x² అంటే (6x)². ఇప్పుడు 6x ని y అనుకో:
y² − 19y + 60 = (y − 15)(y − 4)

y బదులు మళ్లీ 6x పెట్టు:
(6x − 15)(6x − 4)

మొదట్లో 6తో గుణించాం, ఇప్పుడు ఆ 6 తిరిగి ఇచ్చేయాలి. మొదటి బ్రాకెట్ లోంచి 3, రెండో దాంట్లోంచి 2 తీసేస్తే:
(2x − 5)(3x − 2)

అమ్మాయి ఇలా రాస్తే ఏ టీచరూ కాదనరు. y అనే అక్షరం కనిపించాలి, అంతే. సామర్లకోట మేడమ్ వాళ్ల అబ్బాయి అడిగిన "60 ఎక్కడినుంచి వచ్చింది" అన్నదానికి ఇది రెండో జవాబు: 6x² ని పూర్తి వర్గం చేద్దామని అంతటినీ 6తో గుణించాం, ఆ దెబ్బకి 10 కాస్తా 60 అయింది.

పాత_పుస్తకాల_పురుగు

ఈ "ముందు గుణించి, వర్గం చేసుకో" అన్న ఆలోచన మన దగ్గర పాతదే. శ్రీధరాచార్యుడి సూత్రం: వర్గపదం గుణకానికి నాలుగు రెట్లతో రెండు వైపులా గుణించు. ఆయన బీజగణిత గ్రంథం మనకు దక్కలేదు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు ఆ సూత్రాన్ని ఆయన పేరు చెప్పి ఎత్తిరాశాడు కాబట్టి మిగిలింది. మీ లెక్కకు వేసి చూద్దాం. 6x² − 19x + 10 = 0 ని 24తో గుణిస్తే:

144x² − 456x + 240 = 0
(12x − 19)² = 361 − 240 = 121
12x − 19 = ±11
x = 30/12 = 5/2, లేదా x = 8/12 = 2/3

భిన్నాలు చివరి దాకా రావు, అదీ దీని అందం. ఊరికే 6తో గుణిస్తే 19లో సగం 9½ తో తంటాలు పడాలి. 4 కూడా వేసుకుంటే ఆ గొడవ లేదు.

ఇంకా వెనక్కి వెళ్తే, అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ల దగ్గర వైబీసీ 6967 అనే బాబిలోనియా మట్టి పలక ఉంది. అందులో లెక్క: రెండు సంఖ్యల లబ్ధం 60, తేడా 7, అవేమిటి? చూశారా, అక్కడా 60యే. తేడాలో సగం 3.5. దాని వర్గం 12.25. దానికి 60 కలిపితే 72.25. వర్గమూలం 8.5. దానికి 3.5 కలిపితే 12, తీసేస్తే 5.

తెలుగులోకి వస్తే, మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మహావీరుడి మూలంలో మందలో ఇన్నో వంతు, దాని వర్గమూలానికి ఇన్ని రెట్లు అంటూ సాగే లెక్కలున్నాయి. విప్పితే వర్గ సమీకరణాలే. మల్లన గురించి ఒక పెద్ద పోస్టు రాయాలని ఉంది...

పచ్చిమిర్చి_బజ్జీ

పురుగు గారూ, మల్లనకు వేరే దారం తెరవండి, వచ్చి చదువుతాం. కానీ మీరు రాసిన 121 చూడండి. అది b² − 4ac నే కదా! నేను చెప్పిన సూత్రంలోదే. చివరికి అందరూ నా దగ్గరికే వచ్చారు.

జడ్పీ_లెక్కల_మాస్టారు

రండి, ఇప్పుడు మాట్లాడుకుందాం. 121 వర్గమూలం 11. మనం విడగొట్టిన ముక్కలు 15, 4. వాటి తేడా ఎంత? 11.

ఇది కాకతాళీయం కాదు. m + n = b, mn = ac. అప్పుడు (m − n)² = (m + n)² − 4mn = b² − 4ac. ఈ b² − 4ac నే విచక్షణి అంటారు, D అని రాస్తారు. అంటే విచక్షణి మనం వెతుకుతున్న రెండు ముక్కల తేడాకి వర్గం. మీ సూత్రంలో కింద ఉన్న a ని కాసేపు పక్కన పెట్టి, (−b ± √D)/2 వరకే చేయండి. (19 + 11)/2 = 15, (19 − 11)/2 = 4. గుర్తులు తిప్పితే అవే −15, −4. మీరు సూత్రం వేసిన ప్రతిసారీ మధ్యపదాన్నే విడగొడుతున్నారు.

దీనివల్ల పనికొచ్చే సంగతి ఒకటుంది. జత దొరకట్లేదు, అసలు ఉందో లేదో తెలియట్లేదు అనుకోండి. b² − 4ac చూడండి. గుణకాలు పూర్ణసంఖ్యలై, అది పూర్ణవర్గం (0, 1, 4, 9...) అయితే జత ఉన్నట్టే, వెతకొచ్చు. కాకపోతే పూర్ణసంఖ్యల్లో లేదు, ఆపేయొచ్చు. 3x² + 7x + 1: 49 − 12 = 37, పూర్ణవర్గం కాదు. 2x² + 5x + 4: 25 − 32 = −7, ఇక్కడ వాస్తవ మూలాలే లేవు. అక్కడ జతల కోసం కాగితం నింపడం దండగ.

పూర్ణవర్గమైనా భిన్నాలు వస్తాయేమో అని ఎవరైనా అడగొచ్చు. రావు. b సరి అయితే √D కూడా సరి, బేసి అయితే అదీ బేసి. కూడినా తీసేసినా 2తో నిశ్శేషంగా పోతుంది.

సామర్లకోట_అమ్మ

బాగుందండి. మరి సంఖ్యలు పెద్దవైతే? నిన్న ట్యూషన్‌లో 40x² − 3x − 28 ఇచ్చారట. 40 × 28 = 1120. మా వాడు 1 × 1120, 2 × 560, 4 × 280 అని మొదలుపెట్టి సగంలో వదిలేసి టీవీ ముందు కూర్చున్నాడు.

బీటెక్_బ్యాక్‌లాగ్

1 నుంచి మొదలుపెట్టడమే వాడికి శాపం. లబ్ధం −1120, అంటే ఒకటి ప్లస్, ఒకటి మైనస్. మొత్తం −3, అంటే వాటి సైజుల్లో తేడా 3 మాత్రమే. తేడా అంత చిన్నదైతే రెండూ 1120 వర్గమూలం చుట్టుపక్కలే ఉండాలి. 33² = 1089, 34² = 1156. కాబట్టి 33 దగ్గర వెతకాలి. 32 × 35 = 1120. అయిపోయింది.

40x² − 35x + 32x − 28
= 5x(8x − 7) + 4(8x − 7)
= (8x − 7)(5x + 4)

పురుగు గారి మట్టి పలక పద్ధతి కూడా ఇక్కడ అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. తేడా 3, సగం 1.5, వర్గం 2.25, దానికి 1120 కలిపితే 1122.25. 33 × 34 = 1122 కాబట్టి వర్గమూలం 33.5. కలిపితే 35, తీసేస్తే 32. కార్నెగీ మెలన్‌లో ఉండే పో-షెన్ లో (Po-Shen Loh) అనే గణిత ఆచార్యులు 2019లో ఈ "సగం చుట్టూ అటూ ఇటూ" పద్ధతినే సూత్రం బట్టీ పట్టే పని తప్పించడానికి ముందుకు తెచ్చారు. అప్పట్లో ఆయన వీడియోలు బాగా తిరిగాయి.

జడ్పీ_లెక్కల_మాస్టారు

ఇంకో దారి కూడా ఉంది, పిల్లలకు ఇది ఆటలా ఉంటుంది. 1120 ని ప్రధానాంకాలుగా విడగొట్టండి: 2 × 2 × 2 × 2 × 2 × 5 × 7. ఇప్పుడు మధ్య గుణకం 3 బేసి. రెండు ముక్కల్లోనూ 2 ఉంటే వాటిని కలిపినా సరిసంఖ్యే వస్తుంది, బేసి రాదు. కాబట్టి ఐదు 2లూ ఒకే వైపు ఉండాలి. అంటే 32 విడిపోదు. ఇక మిగిలింది 5, 7 ఎటు వెళ్తాయన్నదే. (32, 35), (160, 7), (224, 5), (1120, 1). నాలుగే జతలు. తేడా 3 ఉన్నది చూడగానే తెలుస్తుంది.

ఇది 2కే కాదు. ఏ ప్రధానాంకమైనా మధ్య గుణకాన్ని భాగించకపోతే అది రెండు ముక్కల్లోనూ ఉండదు, మొత్తం కట్ట ఒక్క వైపే వెళ్తుంది. 6x² − 19x + 10 లో 60 = 4 × 3 × 5. 19ని 2, 3, 5 ఏవీ భాగించవు. 4 ఒక కట్ట, 3 ఒకటి, 5 ఒకటి. జతలు (60, 1), (4, 15), (12, 5), (20, 3). 30, 2 గానీ 10, 6 గానీ చూడనక్కరలేదు. కాగితం మీద సగం గీతలు తగ్గిపోతాయి.

పచ్చిమిర్చి_బజ్జీ

ఇది మాత్రం నాకు తెలియదు మాస్టారూ. కట్టల సంగతి బాగుంది. సూత్రం మీద నా అభిమానం అలాగే ఉంది గానీ, మా పాపకు ఇది చూపిస్తా.

వరంగల్_పిల్ల

సార్, మాకు పదిలో √ వచ్చేవి ఉన్నయ్. √2x² + 7x + 5√2. దీన్ని చూస్తేనే టెన్షన్. ఇందులో గూడ ఇదే చేయాలా?

ఎంపీసీ_రెండో_ఏడాది

ఇదే. √ చూసి భయపడొద్దు, గుణించగానే పోతుంది. √2 × 5√2 = 5 × 2 = 10. కూడితే 7, గుణిస్తే 10: 5, 2.

√2x² + 5x + 2x + 5√2

మొదటి గుంపులో x తీస్తే x(√2x + 5). రెండో గుంపు 2x + 5√2. ఇక్కడే అందరూ ఆగుతారు. 2 ని √2 × √2 అని రాసుకో. అప్పుడు √2(√2x + 5).

= (√2x + 5)(x + √2)

4√3x² + 5x − 2√3 కూడా ఇట్లాంటిదే. లబ్ధం −24, ముక్కలు 8, −3. 3 ని √3 × √3 గా చూడు. నువ్వే చేసి పెట్టు.

వరంగల్_పిల్ల

4√3x² + 8x − 3x − 2√3
= 4x(√3x + 2) − √3(√3x + 2)
= (√3x + 2)(4x − √3)

మంచిగ వచ్చింది అన్నా!

ఖమ్మం_ఎంపీసీ

ఇంటర్ 1బి లో సరళరేఖా యుగ్మాలు చదివేవాళ్లు ఎవరైనా ఉన్నారా? 2x² + 3xy − 2y² + 3x + y + 1 = 0 ఇచ్చి, రెండు సరళరేఖల్ని విడివిడిగా రాయమన్నారు. y కూడా ఉంది, మొత్తం ఆరు పదాలు. దీనికి ఈ విడగొట్టడం పనికొస్తుందా?

ఎంపీసీ_రెండో_ఏడాది

వస్తుంది, మొదటి మూడు పదాలకు. మిగతావి కాసేపు మూసెయ్.

2x² + 3xy − 2y²: 2 × (−2) = −4, కూడితే 3, అంటే 4, −1.

2x² + 4xy − xy − 2y²
= 2x(x + 2y) − y(x + 2y)
= (x + 2y)(2x − y)

ఇప్పుడు రెండు రేఖలు (2x − y + l), (x + 2y + m) రూపంలో ఉండాలి. గుణించి x, y గుణకాలు పోల్చు:

x: l + 2m = 3
y: 2l − m = 1

l = 1, m = 1. రేఖలు 2x − y + 1 = 0, x + 2y + 1 = 0. చివరగా lm = 1, లెక్కలో స్థిరపదం కూడా 1, సరిపోయింది. ఈ చివరి చెక్ వదిలేయకు.

ఖమ్మం_ఎంపీసీ

స్థిరపదం 1 బదులు 4 ఇస్తే?

బీటెక్_బ్యాక్‌లాగ్

అప్పుడు కూడా l = 1, m = 1 తప్ప వేరే దారి లేదు, ఎందుకంటే x, y గుణకాలు మారలేదు. lm = 1 అవుతుంది, 4 కాదు. కాబట్టి అది సరళరేఖల జత కాదు. మొదటి మూడు పదాలు రెండు వేర్వేరు వాస్తవ కారణాంకాలుగా విడిపోతున్నాయి కనుక అది అతిపరావలయం (హైపర్‌బోలా). నువ్వు కనుక్కున్న ఆ రెండు రేఖలూ వృథా పోవు, అవి దాని అనంతస్పర్శరేఖలు, అంటే వక్రం దగ్గరవుతూ పోయినా ఎన్నడూ తాకని రేఖలు.